డిస్కు లేని ఆటపెట్టె

టీవీకి తగిలించి ఆడుకునే ఆటపెట్టెను గేమింగ్ కన్సోల్ అంటారు. ఒకప్పుడు దాని లోపల ఆ యంత్రానికే ప్రత్యేకంగా చేసిన చిప్పులుండేవి. 2001లో మైక్రోసాఫ్టు తెచ్చిన ఎక్స్‌బాక్స్‌ను విప్పితే మాత్రం ఇంటెల్ పెంటియం 3 వర్గపు ప్రాసెసరు, 64 మెగాబైట్ల మెమరీ, ఒక హార్డ్‌డిస్కు కనిపిస్తాయి. అంటే మన ల్యాబులోని కంప్యూటరుకు దగ్గర చుట్టమే.

ఇంకో అడుగు ముందుకేస్తామన్నది ఇన్ఫినియం ల్యాబ్స్ అనే అమెరికా కంపెనీ. 2003లో ‘ఫాంటమ్’ అనే పెట్టెను ప్రకటించింది. బజారులో దొరికే మామూలు కంప్యూటరు భాగాలతో చేస్తారట. డిస్కు పెట్టే గాడి వుండదట. ఆటలన్నీ ఇంటర్నెట్టు ద్వారా డౌన్‌లోడ్ చేసుకోవలసిందేనట. 2004లో లాస్ ఏంజిలిస్ ప్రదర్శనలో చూపించారు గానీ అమ్మకానికి ఏనాడూ రాలేదు. 2006లో ఆ కంపెనీ స్థాపకుని మీద, షేరు ధర కృత్రిమంగా పెంచి అమ్ముకున్నాడని, అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ దావా వేసింది. ఫాంటమ్ అంటే దెయ్యమని అర్థం. పేరు బాగానే కుదిరింది! 2008లో చివరికి బయటికొచ్చింది ఒడిలో పెట్టుకునే కీబోర్డు ఒక్కటే.

కంపెనీ మునిగినా ఆలోచన మునగలేదు. 2020లో ప్లేస్టేషన్ 5 డిజిటల్ ఎడిషన్, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ డిస్కు గాడి లేకుండానే వచ్చాయి. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అయితే చేతిలో ఇమిడే లైనక్స్ కంప్యూటరే.

ఇక మన లెక్క చూద్దాం. ఒక ఆట 50 గిగాబైట్లనుకోండి. బైటుకు 8 బిట్లు గనుక 400 గిగాబిట్లు. సెకనుకు 10 మెగాబిట్ల తీగ వున్న ఇంట్లో 40,000 సెకన్లు, అంటే 11 గంటల పైచిలుకు. రోజుకు 1.5 గిగాబైట్ల ఫోను రీఛార్జి మీద బతికే మా ఇంట్లోనైతే 34 రోజులు! అదీ ఇంకెవరూ ఫోను ముట్టకుంటే.

శ్రీకాళహస్తి దగ్గర మాది చెనక్కాయల సేద్యం. నా పాత ల్యాప్‌టాపులో కొన్న ఆట ఒకటి ముగించినానని చెబితే మా నాయన, "అయిపోయింది గదా, ఎవరికన్నా అమ్మేసేయ్, దుడ్లొస్తాయి" అన్నాడు. అమ్మేదానికి లేదు నాయనా, కొన్నది ఆటను కాదు, ఆడుకునే అనుమతిని అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే కంపెనీ మొక్కజొన్న విత్తనం మాదిరి. ఏడాదేడాదీ వాడి దగ్గరికే పోవాల. చెనక్కాయలైతే మన పంటలోనే విత్తనానికి తీసిపెట్టుకుంటాం" అన్నాడు. మా సిలబసులో ఇంత సూటిగా ఎక్కడా లేదు.

ఆయన భయం ఉత్తది కాదు. నింటెండో వాళ్ళు 3డీఎస్, వీ యూ యంత్రాల ఆన్‌లైన్ దుకాణంలో 2023 మార్చిలో అమ్మకాలు ఆపేశారు. ఎక్స్‌బాక్స్ 360 దుకాణం 2024 జులైలో మూతపడింది. డౌన్‌లోడ్ రూపంలో మాత్రమే వచ్చిన ఆటలను ఆ దుకాణాల్లో కొత్తగా కొనే దారి పోయింది. కాలిఫోర్నియాలో 2025 నుంచి ఒక చట్టం అమలులోకి వచ్చింది: ఇచ్చేది లైసెన్సు మాత్రమే అయితే ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. చెప్పడం వరకే, అమ్ముకునే హక్కు దానితో రాలేదు.

ప్రస్తుతానికి నేను హాస్టలులో రాత్రిపూట ఆట దించి, బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, శనివారం బస్సులో మా వూరికి మోసుకుపోతున్నాను. మా తమ్ముడు బస్టాండులోనే సంచి లాక్కుంటాడు.