వ్యోమగామి కాకముందు ఏం చేసేవారు?

మొన్న క్లాసులో శుభాంశు శుక్లా గారి గురించి మాట్లాడుకుంటున్నాం. "గగనయాన్‌కి ఎంపికైన నలుగురిలో ఒక్క అమ్మాయి కూడా లేదేంటి?" అని ఒకరు అడిగారు. "మనవాళ్ళు అంతదాకా రాలేదేమోలే" అని వెనక బెంచీ నుంచి జవాబొచ్చింది. బెల్లు కొట్టేశారు, చర్చ అక్కడితో ఆగిపోయింది. కానీ ఆ జవాబు నాకు మింగుడుపడలేదు. అందుకే ఈ వ్యాసం.

మా ఇంటికి కన్నడ పేపరు, తెలుగు పేపరు రెండూ వస్తాయి. దాంట్లో 'గగనయాత్రి' అని రాస్తారు, దీంట్లో 'వ్యోమగామి' అని. రెండు మాటల్లోనూ ప్రయాణమే కనిపిస్తుంది. ఆ ప్రయాణానికి ముందు వాళ్ళు చేసిన ఉద్యోగం కనిపించదు. మన ప్రశ్నకి జవాబు మాత్రం ఆ ఉద్యోగంలోనే ఉంది.

టెస్ట్ పైలట్ అంటే ఎవరు?

గగనయాన్‌కి ఎంపికైన ప్రశాంత్ బాలకృష్ణన్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లా నలుగురూ వైమానిక దళంలో టెస్ట్ పైలట్లు. 1984లో సోయుజ్ టి-11లో వెళ్ళిన రాకేశ్ శర్మ గారూ అంతే. ఆయన హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివారు. 1970లో వైమానిక దళంలో చేరి, మరుసటి ఏడాది యుద్ధంలో మిగ్-21 మీద 21 సార్లు వెళ్ళివచ్చారు.

కొత్తగా తయారైన విమానాన్ని మామూలు పైలట్‌కి ఇచ్చే ముందు, అది ఎంత వేగం తట్టుకుంటుంది, ఎక్కడ మొరాయిస్తుంది అని నడిపి చూసేవాడే టెస్ట్ పైలట్. ఏదైనా తేడా వస్తే క్షణాల్లో నిర్ణయం తీసుకోవాలి. కిందికి దిగాక ఏం జరిగిందో ఇంజినీర్లకి ఉన్నదున్నట్టు చెప్పాలి. "ఏదోలా ఊగింది" అంటే కుదరదు. ఎప్పుడు, ఎటు, ఎంత ఊగిందో చెప్పాలి. అంటే మాటల మీద కూడా పట్టుండాలన్నమాట. ఇంతవరకూ మనుషులెవరూ ఎక్కని వాహనంలో పంపాలంటే ఇలాంటివాళ్ళనే వెతకడం సహజమే.

వీళ్ళకి శిక్షణ ఇచ్చే స్కూలు మన బెంగళూరులోనే ఉంది. మన హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి రింగురోడ్డు మీద మారతహళ్ళి దాకా వెళ్ళి ఎడమకి తిరిగితే హెచ్‌ఏఎల్ పాత విమానాశ్రయం వైపు వెళ్తాం. 2019లో గగనయాన్ అభ్యర్థులకి వైద్య పరీక్షలు చేసిన ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ ఉన్నదీ ఆ వైపే.

ఇప్పుడు తేదీలు చూడండి. భారత వైమానిక దళంలో మొదటి మహిళా ఫైటర్ పైలట్లు ముగ్గురు, అవని చతుర్వేది, భావనా కంఠ్, మోహనా సింగ్, 2016లో చేరారు. ఫైటర్ పైలట్‌గా కొన్నేళ్ళ అనుభవం ఉంటే తప్ప ఫైటర్ విమానాల టెస్ట్ పైలట్ శిక్షణకి తీసుకోరు. ఎంపిక మొదలైంది 2019లో. కాబట్టి ఆ పరీక్షలో అమ్మాయిలు తప్పారనడం సరికాదు. పరీక్ష హాలు దాకా వెళ్ళే వీలే అప్పటికి వాళ్ళకి లేదు.

అమెరికాలోనూ ఇదే కథ

1959లో నాసా మొదటి ఏడుగురిని ఎంపిక చేసినప్పుడు సైన్యంలోని టెస్ట్ పైలట్లే అర్హులన్నారు. సైన్యంలో ఆడవాళ్ళకి ఆ ఉద్యోగం ఇచ్చేవారే కాదు. అయినా జెర్రీ కాబ్‌తో మొదలుపెట్టి 13 మంది మహిళా పైలట్లు, మగవాళ్ళకి పెట్టిన వైద్య పరీక్షలనే ఒక ప్రైవేటు క్లినిక్‌లో రాసి, సారీ, చేయించుకుని నెగ్గారు. 1962లో విషయం అమెరికా పార్లమెంటు కమిటీ దాకా వెళ్ళింది. నియమం మాత్రం మారలేదు.

ఆ 13 మందిలో వాలీ ఫంక్ ఒకరు. ఎంతోమందికి విమానం నడపడం నేర్పారు, విమాన ప్రమాదాల దర్యాప్తు అధికారిగా పనిచేశారు. చివరికి 2021 జూలై 20న, 82 ఏళ్ళ వయసులో, ఒక ప్రైవేటు కంపెనీ రాకెట్‌లో అంతరిక్షం చూశారు. దాదాపు 60 ఏళ్ళు ఆగాల్సి వచ్చింది.

బట్టల మిల్లు నుంచి

మరి సోవియట్ యూనియన్ 1963లోనే ఒక స్త్రీని ఎలా పంపగలిగింది? వాలెంటీనా తెరెష్కోవా బట్టల మిల్లులో పనిచేసేది. విమానం నడపడం రాదు. సెలవుల్లో ఏరోక్లబ్బుకి వెళ్ళి పారాచూట్‌తో దూకడం ఆమెకి సరదా. వొస్తోక్ నౌకని ఎక్కువగా కింది నుంచే నడిపేవారు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం నేలకి సుమారు 7 కిలోమీటర్ల ఎత్తులో మనిషి నౌకలోంచి బయటపడి పారాచూట్‌తో విడిగా దిగాలి. అందుకని పారాచూట్ వచ్చినవాళ్ళని వెతికారు. మిల్లు కార్మికురాలు దాదాపు మూడు రోజుల్లో భూమిని 48 సార్లు చుట్టి వచ్చింది. అక్కడ అడిగిన అర్హత వేరు, అందుకే వెళ్ళిన మనిషి కూడా వేరు.

కాలేజీ పత్రికలో చూసి

నాసా 1978 ఎంపికలో పైలట్లతో పాటు శాస్త్రవేత్తల్ని, డాక్టర్లని కూడా తీసుకుంది. సుమారు 8,000 మంది దరఖాస్తు చేస్తే 35 మందిని తీసుకున్నారు. అందులో ఆరుగురు స్త్రీలు. వారిలో శాలీ రైడ్ 1983లో వెళ్ళిన మొదటి అమెరికన్ మహిళ. ఆమె భౌతికశాస్త్ర పరిశోధకురాలని అందరూ రాస్తారు. స్టాన్‌ఫర్డ్‌లో భౌతికశాస్త్రంతో పాటు ఇంగ్లీషు సాహిత్యంలో కూడా డిగ్రీ తీసుకున్నారని తక్కువమంది రాస్తారు. నాసా మనుషుల్ని తీసుకుంటోందన్న సంగతి ఆమె చూసింది యూనివర్సిటీ విద్యార్థుల పత్రికలో! గోడపత్రిక ఎవరు చదువుతారులే అనేవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవాలి.

మన తెలుగువాళ్ళు

రాజాచారి గారి తండ్రి హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళినవారు. రాజాచారి అమెరికా వైమానిక దళంలో టెస్ట్ పైలట్. 2017లో 18,300కి పైగా దరఖాస్తుల్లోంచి నాసా ఎంచుకున్న 12 మందిలో ఒకరు. 2021 నవంబరులో క్రూ-3కి కమాండర్‌గా వెళ్ళి 177 రోజుల తర్వాత దిగారు. ఆ నౌకలో మిగతావాళ్ళని చూడండి. టామ్ మార్ష్‌బర్న్ డాక్టరు, మథియాస్ మౌరర్ లోహాలు వగైరా పదార్థాల మీద పరిశోధించిన శాస్త్రవేత్త, కేలా బారన్ జలాంతర్గామి అధికారిణి. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లోకి తీసుకున్న మొదటి మహిళా బృందంలో ఆమె ఉన్నారు. అక్కడ తలుపు తెరుచుకున్నాకే ఇక్కడికి రాగలిగారు.

బండ్ల శిరీష గారి పుట్టిల్లు ఆంధ్ర, పెరిగింది హ్యూస్టన్‌లో. కంటిచూపు సరిపోక పైలట్ దారి మూసుకుపోయింది. పర్డ్యూలో ఏరోనాటికల్ ఇంజినీరింగ్, తర్వాత ఎంబీఏ చేశారు. ఇంజినీరుగా పనిచేసి, ప్రైవేటు అంతరిక్ష కంపెనీల సంఘంలో విధానాల పని చూశారు. 2015లో వర్జిన్ గెలాక్టిక్‌లో చేరి ప్రభుత్వ వ్యవహారాల విభాగంలో పనిచేశారు. 2021 జూలై 11న ఆ కంపెనీ నౌకలోనే వెళ్ళి మొక్కల మీద ఒక ప్రయోగం చేశారు. అంతా కొద్ది నిమిషాల ప్రయాణమే, రాజాచారి గారి 177 రోజులతో పోల్చలేం. కానీ ఆమె వెళ్ళిన దారి మాత్రం అంతకుముందు లేనిది.

విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ గారు రోగుల్ని తరలించే జెట్ విమానాలు నడిపిన పైలట్. 2024 మే 19న బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో వెళ్ళారు. పక్కన ఉన్న 90 ఏళ్ళ పెద్దాయన ఎడ్ డ్వైట్. 1960లలో శిక్షణ పొందిన నల్లజాతి పైలట్, నాసా తీసుకోలేదు. సైన్యం వదిలి శిల్పి అయ్యారు. వెళ్ళేనాటికి ఆయన వృత్తి శిల్పమే.

మరి మనం?

ఉన్నమాట చెప్పాలి. నాసాకి దరఖాస్తు చేయాలంటే సైన్స్, ఇంజినీరింగ్, గణితం లాంటి వాటిలో మాస్టర్స్ ఉండాలి. మన బి.ఏ. పట్టాతో నేరుగా కుదరదు. కానీ పక్క బ్లాకులో బి.ఎస్సీ. చదివే అమ్మాయిలకి మన దేశంలోనే దారి దొరకొచ్చు. 2021లో ఆశ్రిత వి. ఓలేటి బెంగళూరు టెస్ట్ పైలట్ స్కూల్లో చదువు ముగించి వైమానిక దళంలో మొదటి మహిళా ఫ్లైట్ టెస్ట్ ఇంజినీరు అయ్యారు. మహిళా టెస్ట్ పైలట్లని గానీ శాస్త్రవేత్తల్ని గానీ పంపాలని ఉందని అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ గారు 2023లో అన్నారు.

మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఎవరైనా "ఆడవాళ్ళు ఇంతవరకూ ఎందుకు రాలేదు" అంటే, వెంటనే "మనవాళ్ళకి చేతకాదేమో" అనేయకూడదు. అర్హత అని ఏం రాశారు, ఆ అర్హత సంపాదించే ఉద్యోగం మనకి ఎప్పుడు ఇచ్చారు అని రెండు ప్రశ్నలు వేయాలి. నియమాలు మనుషులు రాసినవే, 1978లో మార్చిందీ మనుషులే. రేపు అలాంటి నియమాలు రాసే ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళలో మన బి.ఏ. వాళ్ళూ ఉంటారు.

వెనక బెంచీ మిత్రురాలికి నా జవాబు ఇది. కాదనిపిస్తే, పక్కన పిన్ను గుచ్చిన ఖాళీ కాగితం మీద రాయండి. వచ్చే సంచికలో మాట్లాడుకుందాం.