ఆ స్లైడులో చివరి లైను

కమ్యూనికేషన్ స్కిల్స్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఫస్ట్ ఇయర్ ఇంగ్లిష్ ల్యాబే. హెడ్‌ఫోన్లు, సెల్ఫ్ ఇంట్రడక్షన్, గ్రూప్ డిస్కషన్‌లో ముందు ఎవరు నోరు తెరుస్తారా అనే కంగారు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకైతే గొంతు తడారిపోతుంది. ఇంగ్లిష్ వస్తే కమ్యూనికేషన్ వచ్చినట్టే అని నేనూ అనుకున్నాను. ఒక స్లైడు గురించి చదివాక ఆ నమ్మకం పోయింది.

2003 జనవరి 16న కొలంబియా షటిల్ నింగికెగిసింది. మన కల్పనా చావ్లాతో కలిపి అందులో ఏడుగురు. బయలుదేరిన 82 సెకన్లకి బయటి ఇంధన ట్యాంకు మీదున్న ఫోమ్ ముక్క ఊడి ఎడమ రెక్కకి తగిలింది. బరువు ముప్పావు కిలోకి కాస్త అటూ ఇటూ. దెబ్బ వీడియోలో కనిపించింది కానీ రెక్కకి ఏమైందో తెలియలేదు. షటిల్ ఇంకా పైన తిరుగుతుండగానే ఇంజనీర్లు లెక్కలు వేసి నాసా మేనేజర్లకి స్లైడ్లలో చూపించారు.

ఆ స్లైడ్లలో ఒకదాన్ని విచారణ బోర్డు తన రిపోర్టులో విడిగా తప్పుబట్టింది. హెడ్డింగ్ చదివితే పెద్దగా భయం లేదనే అనిపిస్తుంది. దాని కింద బుల్లెట్లు, వాటికి పిల్ల బుల్లెట్లు, ఆ పిల్లలకి మళ్లీ పిల్లలు. 'సిగ్నిఫికెంట్' అనే మాట అటూ ఇటూగా ఐదుసార్లు, ఒక్కోచోట ఒక్కో అర్థంలో. అసలు సంగతి అట్టడుగున ఉంది: టెస్టుల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఇప్పుడు అంచనా వేసింది 1920. భాగించి చూడండి, 640 రెట్లు! అంటే పాత టెస్టులని నమ్ముకుని ఈ దెబ్బ గురించి ఏమీ చెప్పలేం. హెడ్డింగులో ఉండాల్సిన మాట అది.

ఫిబ్రవరి 1న, ల్యాండింగుకి 16 నిమిషాల ముందు, రెక్కకి పడిన చిల్లులోంచి వేడి వాయువులు దూరి షటిల్ టెక్సాస్ మీద ముక్కలైపోయింది. స్లైడు బాగుంటే వాళ్లు బతికేవారు అనడం తొందరపాటు. పైన ఉన్నవాళ్లని కాపాడే దారి ఉందా అన్నది వేరే పెద్ద చర్చ. కానీ ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి అని ఆ స్లైడు చూసిన పై అధికారికి తట్టకపోవచ్చని బోర్డే రాసింది. రాసినవాళ్లకి ఇంగ్లిష్ రాకనా? ఇంకో సంగతి. రెక్కకి ఫోటోలు తీయించాల్సిందేనని నాసా ఇంజనీరు ఒకాయన ఘాటుగా మెయిల్ టైప్ చేసి, పక్కనున్నవాళ్లకి చూపించి, పంపకుండా ఊరుకున్నారు. పైవాళ్లని దాటి వెళ్లడం ఇష్టంలేక! గైడ్ సార్ ఏమనుకుంటారో అని మనం మెయిల్ డ్రాఫ్ట్‌లో దాచుకోవడం గుర్తొచ్చింది నాకు.

మన ప్రాజెక్ట్ రివ్యూలు కూడా అంతే. ఇంట్రడక్షన్, లిటరేచర్ సర్వే, బ్లాక్ డయాగ్రం దాటి రిజల్ట్ దగ్గరికి వచ్చేసరికి టైం అయిపోతుంది. మా బ్యాచ్ చేసింది అల్ట్రాసోనిక్ సెన్సార్‌తో హాస్టల్ వాటర్ ట్యాంక్ మీటరు. కోడులో ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లని ఫిక్స్ చేసేశాం. అది 20 డిగ్రీల దగ్గరి లెక్క. వేడి పెరిగితే ధ్వని వేగమూ పెరిగి ఎకో త్వరగా తిరిగొస్తుంది, అందుకని నీళ్లు దగ్గర్లోనే ఉన్నాయని మీటరు అనుకుంటుంది. ఈ తప్పుని మేం 14వ స్లైడులో ఒక మూల రాశాం: 'ఉష్ణోగ్రత ప్రభావం గమనించదగ్గది.' మా సొంత సిగ్నిఫికెంట్ అన్నమాట.

రివ్యూకి ముందురోజు రాత్రి సివిల్ చదివే రూమ్మేట్‌కి ప్రాజెక్టంతా తెలుగులో చెప్పాను. స్లైడ్లు లేవు, ఇంగ్లిష్ లేదు. వాడు మధ్యలో ఆపాడు. "అంటే ఎండాకాలం మీ మీటరు ట్యాంకులో లేని నీళ్లు చూపిస్తదా?"

నోరు మూతపడింది. కూర్చుని లెక్కేశాం. సెన్సార్‌కి 150 సెంటీమీటర్ల కింద నీళ్లున్నప్పుడు, 43 డిగ్రీల మధ్యాహ్నం, 6 సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. వాడి మాటనే ఇంగ్లిష్‌లో పెట్టి, ఆ 6 కూడా చేర్చి, రెండో స్లైడుకి హెడ్డింగ్ చేశాం. మర్నాడు సార్ ఆ స్లైడు దాటనివ్వలేదు. టెంపరేచర్ సెన్సార్ ఎందుకు పెట్టలేదు, పెడితే ఖర్చెంత, ట్యాంకు మూత కింద వేడి ఎంత ఉంటుంది అని ఒకటే ప్రశ్నలు. లిటరేచర్ సర్వే ఎవరూ అడగలేదు.