నివురు గప్పిన నిప్పు: కీళ్లవాతపు మందులు - క్షయవ్యాధి

క్షయ అనగానే ఎడతెగని దగ్గు, చిక్కి శల్యమైన శరీరము మనకు గుర్తుకు వస్తాయి. కీళ్లవాతమనగానే వాచిన వ్రేళ్లు, ఉదయము లేవగానే బిగుసుకొనిపోయే మోకాళ్లు స్ఫురిస్తాయి. ఈ రెండు వ్యాధులకు సంబంధము లేదని మనము తలచుట సహజమే. కాని ఒకదానికి వాడే మందు రెండవదానికి దారి తీయగలదని వైద్యశాస్త్రము తెలుపుచున్నది.

క్షయకు మూలము ఒక సూక్ష్మజీవి అని రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లిన్ నగరములో ప్రకటించాడు. గాలి ద్వారా ఆ క్రిమి సోకిన ప్రతివారికి వ్యాధి రాదు. శరీరములోని రక్షక కణములు దానిని చుట్టుముట్టి చిన్న గడ్డలలో బంధిస్తాయి. క్రిములు చావక, నివురు గప్పిన నిప్పువలె అణగి ఉంటాయి. ఇట్టివారికి దగ్గు ఉండదు, జ్వరము ఉండదు. వారి నుండి ఇతరులకు అంటదు. ప్రపంచ జనాభాలో సుమారు నాల్గవ వంతు మందికి ఈ క్రిమి సోకియున్నదని అంచనా. వారిలో నూటికి 5 నుండి 10 మందికి మాత్రమే జీవితకాలములో వ్యాధి బయటపడుతుంది.

రుమటాయిడ్ అను కీళ్లవాతములో రక్షకశక్తి పొరబడి స్వంత కీళ్లపైనే దాడి చేస్తుంది. కనుక ఆ శక్తిని అణచుటయే చికిత్స. 1948లో అమెరికా వైద్యుడు ఫిలిప్ హెంచ్ కార్టిజోన్ అను స్టెరాయిడును ఈ రోగులకు తొలిసారిగా ఇచ్చి, 1950లో నోబెల్ బహుమతి పంచుకొన్నాడు. నేడు విరివిగా వాడబడుచున్న మెథోట్రెక్సేట్ మన భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో రూపొందినది. మొదట అది కాన్సరు మందు.

తరువాత వచ్చిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి సూదిమందులు శరీరములోని టి.ఎన్.ఎఫ్. అను పదార్థమును అడ్డుకొని కీళ్లవాపు తగ్గిస్తాయి. అయితే క్షయక్రిములను బంధించిన గడ్డలను నిలబెట్టేదీ ఆ పదార్థమే. దానిని తొలగిస్తే బంధము సడలుతుంది. ఈ మందు వాడినవారిలో క్షయ సోకిన 70 మందిని గూర్చి 2001లో ఒక నివేదిక వెలువడినది. వారిలో 48 మందికి మూడు మోతాదులలోపే వ్యాధి కనిపించినది. 40 మందికి అది ఊపిరితిత్తుల వెలుపల సోకినది. స్టెరాయిడ్లను పెద్ద మోతాదులో చాలాకాలము వాడినవారికీ ఈ ప్రమాదము ఉన్నది.

అంతమాత్రమున మందులను విడనాడవలెనా? అవసరము లేదు. సూదిమందు ప్రారంభమునకు పూర్వమే ఛాతీ ఎక్స్‌రే, ట్యూబర్కులిన్ చర్మపరీక్ష లేదా రక్తపరీక్ష చేయించుకొనవలెను. రక్షకశక్తిని అణచే మందులు మొదలైన పిదప చర్మముపై పొంగు రాక, పరీక్ష తప్పుదారి పట్టించవచ్చును. అణగిన క్రిమి ఉన్నదని తేలితే, వ్యాధి లేదని నిర్ధారించుకొని, ఐసోనియాజిడ్ వంటి మందుతో ముందుగా నివారణ చికిత్స ఇస్తారు. చికిత్సాకాలములో రెండు వారములు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, మెడ గడ్డలు కనిపిస్తే వెంటనే వైద్యుని సంప్రదించవలెను. స్టెరాయిడ్లను మాత్రము మనంతట మనము హఠాత్తుగా మానరాదు. అది ప్రాణాంతకము కావచ్చును.

మన కుటుంబములలో ఒక దురాచారము కద్దు. తెలుగువారు క్షయ అన్నా, ఉర్దూవారు తపేదిక్ అన్నా, ఇంట ఒకరికి వచ్చిన ఈ జబ్బును పిల్లల సంబంధములు చెడునని దాచిపెడతారు. ఏనాడో తాతగారు మందులు వాడిన సంగతి, పక్క గదిలో దగ్గిన పినతండ్రిగారి సంగతి వైద్యునికి తెలియదు. మందుల దుకాణములో చీటీ లేకుండా కొన్న నొప్పిమాత్రలలో స్టెరాయిడు ఉన్నదేమో రోగికీ తెలియదు. ఈ రెండు అజ్ఞానములు కలిసినచోటనే నిప్పు రాజుకొనును.

విద్యార్థులారా! మన పెద్దల మందుచీటీలను చదివి వినిపించగలవారము మనమే. వారితోపాటు ఆసుపత్రికి వెళ్లినపుడు, వైద్యుడు అడుగకపోయినను, ఇంటిలోని పాత క్షయ సంగతి మనమే చెప్పుదము. దాచిన వంశగౌరవము కంటె తెలిపిన నిజమే వారి ఆయువును కాపాడగలదు.