జలాశయముల యొద్ద బాణసంచా – పడవల రక్షణ

నదీతీరమునను, చెరువు గట్టునను ఉత్సవములు జరుపుకొనుట మన తెలుగునాట అనాదిగా వచ్చుచున్న ఆచారము. భద్రాచలమునందు వైకుంఠ ఏకాదశికి ముందునాటి సాయంకాలము శ్రీ సీతారామచంద్రస్వామివారు హంసవాహనముపై గోదావరిలో విహరించు వేళ బాణసంచా వెలుగులు నదీజలములలో ప్రతిఫలించును. విజయవాడలో కృష్ణానదిపై జరుగు తెప్పోత్సవమునందును ఇదియే శోభ. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల గ్రామములలో ఇంతటి వైభవము లేకపోవచ్చును గాని, సద్దుల బతుకమ్మనాడును, వినాయక నిమజ్జనపు రాత్రియు, దీపావళినాడును ఊరివారందరు చేరునది చెరువు కట్టకే. వారితోపాటు తారాజువ్వలును, ఔట్లును, చిచ్చుబుడ్లును అచ్చటికే చేరును. ఆ కట్ట క్రిందనే మత్స్యకారుల తెప్పలు, నాటుపడవలు కట్టియుండును. ఈ రెంటి పొరుగు ఎంత ప్రమాదకరమో చాలమంది తలపోయరు. నీటిపై నున్న వస్తువునకు నిప్పు భయమేమి అని వారి భావన.

ఆ భావన తప్పని 2025 జనవరి 26వ తేదీ రాత్రి హైదరాబాదు హుస్సేనుసాగరమున రుజువైనది. నెక్లెస్ రోడ్డు తీరమున జరిగిన యొక హారతి కార్యక్రమము ముగింపున సాగరములోని పడవపైనుండి బాణసంచా కాల్చిరి. నిప్పురవ్వ యొకటి పడవలోనే ఇంకను కాల్చకుండ నిలువచేసియున్న బాణసంచాపై పడినది. క్షణములలో మంటలు చెలరేగి రెండు పడవల నావరించినవి. పడవలోనున్నవారు కొందరు ప్రాణరక్షణకై చీకటిలో నీటిలోనికి దూకిరి. పలువురకు గాయములైనవి, ప్రాణనష్టము కూడ కలిగినది. రాజధాని నగరము నడిబొడ్డున, ఒడ్డున వేలాది జనులును, పోలీసులును ఉండగనే ఇట్లు జరిగినది. అగ్నిమాపక శకటము చేరుటకు అరగంటకు పైగా పట్టు పల్లెటూరి చెరువులో ఇట్టిది సంభవించినచో ఏమగునో పాఠకులే ఊహింపవచ్చును.

మన ప్రాంతములో నీటి వసతికి కొరత లేదు. బయ్యారము చెరువు, ఘనపురము గణపసముద్రము కాకతీయుల నాటివి. జనగామ వైపున చిటకోడూరు, స్టేషన్ ఘనపురము జలాశయములున్నవి. ఇక కాళేశ్వరమునందు ప్రాణహిత గోదావరిలో కలియును. ఆవలి గట్టున సిరొంచకు పోవుటకు వంతెన కట్టకముందు జనులను దాటించినవి నాటుపడవలే. 2015 లో గోదావరి పుష్కరములకును, 2025 మే 15 నుండి 26 వరకు సరస్వతీ పుష్కరములకును అచ్చటికి లక్షలాది యాత్రికులు వచ్చిరి. ఉత్సవములును, జనమును, పడవలును ఒక్క రేవున చేరు సందర్భములు మనకిక తరచుగా రాగలవు.

నిప్పు నీటిపై ఏల ఆరదు?

నల్లమందులో నూటికి సుమారు 75 పాళ్లు సూరేకారము, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకము. పొయ్యిలోని కట్టె మండుటకు బయటి గాలి కావలెను. గోనె కప్పినచో ఆరిపోవును. నల్లమందు అట్లు కాదు. మండుటకు వలయు ప్రాణవాయువును సూరేకారము తనలోనే మోసికొని వచ్చును. కావున బాణసంచా పెట్టె అంటుకొనిన తరువాత దానిపై తడిగోనె కప్పినను, మూత బిగించినను మంట ఆగదు. మూసిన కొలది పేలుడు పెరుగును. ఇక తెల్లని వెలుగు నిచ్చు రకములలో మెగ్నీషియము, అల్యూమినియము పొడులుండును. అవి మండునప్పటి వేడిమి ఎంతయనగా వాటిపై చెంబెడు నీరు చల్లిన మేలుకంటె కీడే ఎక్కువ.

పడవ సంగతి చూడుడు. నాటుపడవకు నీరు కారకుండ తారు పూయుదురు. అది చక్కగా మండును. ఫైబరు పడవలోని జిగురు పదార్థమును మండునదే. చెరువులలో వాడు థర్మోకోలు తెప్ప నిప్పురవ్వకే కరగి, నల్లని పొగతో కాలును. నైలాను వల సుమారు 220 డిగ్రీల వేడిమికి కరగును. కాకరపువ్వొత్తి రవ్వ వేడిమి 1000 డిగ్రీల దరిదాపున నుండును. మరపడవలో పెట్రోలు ఉన్నచో భయము రెట్టింపు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకెగసి పోక పడవ అడుగున గుంటలో నీరు నిలిచినట్లు నిలిచియుండును, కంటికి కనబడదు. పై నుండి ఒక్క రవ్వ జారిన చాలును.

ఎంత దూరము?

అన్ని ప్రశ్నలలోను ముఖ్యమైనది ఇది. గొట్టములో నుంచి ఎగసి ఆకాశమున పగులు పెద్ద గుండ్ల విషయమున అమెరికా దేశములో ఒక సులభమైన లెక్క నెన్నుకొనిరి. గుండు వ్యాసములో ప్రతి అంగుళమునకు 70 అడుగుల ఎడము ఉండవలెను. 3 అంగుళముల గుండునకు 210 అడుగులు. 6 అంగుళముల గుండునకు 420 అడుగులు. ఈ వలయములో చూచువారు గాని, కట్టిన పడవలు గాని ఉండరాదు. ఇది కనీసపు దూరము. గాలివాలున నున్న వైపు మరికొంత పెంచుట మంచిదని మా అభిప్రాయము.

దీనిని కొలుచుటకు యంత్రములు అక్కరలేదు. 50 అడుగుల మోకు ఒకటి తీసికొని, బాణసంచా కాల్చు చోటినుండి రేవు వరకు ఇద్దరు మనుష్యులు పగటివేళ కొలిచిన సరి. మీ రేవు నాలుగు మోకుల దూరములోనే, అనగా 200 అడుగులలోనే ఉన్నదనుకొందము. అప్పుడు 3 అంగుళముల గుండు అచ్చట కాల్చుటకు వీలులేదు. ఒకటి, కాల్చు చోటు మార్చవలెను; లేదా పడవలను మార్చవలెను; రెండును కుదరనిచో గుండ్లు మానివేయవలెను. చిన్నదైనను తారాజువ్వకు ఈ లెక్క సరిపోదు. అది నిలువున పోవునని నమ్మకము లేదు. పక్కకు వాలినచో గాలి ఎటు తోసిన అటు పోవును, కాలుచున్న పుల్లతో క్రిందికి దిగును. పెద్ద జలాశయముల యొద్ద రాత్రివేళ నేల ముందుగా చల్లబడుటవలన గాలి గట్టునుండి నీటివైపు వీచుట కలదు. సాయంకాలము కట్టపై నిలిచి గాలి ఎటున్నదో చూచి, రాత్రికిని అట్లే ఉండునని తలచుట పొరపాటు. కాల్చుటకు ముందు మరల చూడవలెను. ఎండుగడ్డి పరక విడిచిన చాలును.

బాణసంచాను పడవపై పెట్టుటే అవసరమా యని నిర్వాహకులు ముందుగా తమ్ము తామడుగుకొనవలెను. మా మట్టుకు మాకు అనవసరముగనే తోచుచున్నది. మత్తడికి దూరముగా ఉన్న ఖాళీ గట్టునుండి కాల్చినను నీటిలోని ప్రతిబింబమునకు లోటు రాదు. నీటిపైనుండియే కాల్చవలసివచ్చినచో మనుష్యులు లేని తెప్పపై గొట్టములు బిగించి, దూరమునుండి విద్యుత్తీగ ద్వారా ముట్టించుట నేటి పద్ధతి. 2012 జూలై 4వ తేదీన అమెరికాలోని సాన్ డియేగో రేవులో పడవలపై పేర్చిన బాణసంచా, కంప్యూటరు లోపమువలన, అంచెలంచెలుగా కాలవలసినదంతయు కొద్ది క్షణములలో ఒక్కుమ్మడిగ పేలిపోయినది. ఆకాశమంత మంట లేచినది. ఒక్కరికిని గాయము కాలేదు. దగ్గర ఎవరును లేకుండుటయే కారణము. హుస్సేనుసాగరమున కాల్చెడువారును, కాల్చవలసిన సరకును ఒకే పడవలో ఉండిరి.

కట్టిన పడవల సంగతి

మత్స్యకారులు పడవలను ఒకదానికొకటి తాకునట్లు వరుసగా కట్టుదురు. దొంగల భయమునకును, గాలి తాకిడికిని ఇది మంచిదే. నిప్పునకు మాత్రము ఇది రాజమార్గము. 2023 నవంబరు 19వ తేదీ రాత్రి విశాఖపట్టణము చేపలరేవులో ఒక పడవలో పుట్టిన మంట 40 కి పైగా పడవలను పాడుచేసినది. వలపై పడిన చుట్టముక్కవంటి చిన్న నిప్పే దానికి మూలమని, సిగరెట్టు తునుకయే కారణమని పోలీసులు తేల్చిరి. అచ్చట గమనింపదగినది ఒకటి కలదు. మండుచున్న పడవను మిగిలినవాటికి దూరము చేయవలెనని మోకు విప్పి వదలిరి. గాలియు, నీటి వాలును దానిని మరల రేవునకే తెచ్చినవి. తరువాత పడవలలోని డీజిలు, గ్యాసు సిలిండర్లు మంటకు తోడైనవి.

కనుక ఉత్సవమునకు ముందునాడే సహకార సంఘమువారు కూర్చుండి పడవలను గాలికి ఎదురువైపు గట్టునకు తరలించుట మేలు. వాటి నడుమ కనీసము రెండు పడవల పొడవు ఎడముంచి విడివిడిగ లంగరు వేయవలెను. ఎండిన వలలు, టార్పాలిను గుడ్డలు, పెట్రోలు డబ్బాలు, వంటకై ఉంచిన సిలిండరు ఇంటికి చేర్చవలెను. తీయ వీలులేని వలను తడిపి, తడిగోనెలతో కప్పవలెను. థర్మోకోలు తెప్పలను నీటిలో ఉంచుటకంటె ఎత్తి ఇంటి పెరటిలో పెట్టుట సులభము. ఇద్దరు మనుష్యులు బకెట్లు, ఇసుక, పొడవాటి కొక్కెపు వెదురుతో ఆ రాత్రి కాపలా ఉండవలెను. వారికి బాణసంచా చూచు భాగ్యము ఉండదు. సంఘము వారికి కూలి ఇచ్చుట న్యాయము. పడవయు, వలయు పోయిన మత్స్యకారునకు ఆ ఏటి చేపలు చెరువులో ఉండియు లేనట్లే.

చూచుటకై పడవ ఎక్కువారు

నిప్పుకంటె ఎక్కువమందిని బలిగొన్నది త్రొక్కిసలాటయు, చీకటియు. 2012 అక్టోబరు 1వ తేదీ రాత్రి హాంకాంగులో బాణసంచా చూచుటకు ఉద్యోగులును, వారి కుటుంబములును ఎక్కి పోవుచున్న పడవ మరియొక పడవను ఢీకొనినది. నిమిషములలో మునిగినది, 39 మంది మరణించిరి. పిల్లలకు తగిన లైఫ్ జాకెట్లు ఆ పడవలో లేవని తరువాత విచారణలో బయటపడినది. మన కృష్ణానదిలో 2017 నవంబరు 12వ తేదీన ఇబ్రహీంపట్నము పవిత్ర సంగమమున హారతి చూడబోవు యాత్రికుల పడవ తలక్రిందులై 20 మందికి పైగా జలసమాధియైరి. ఆ పడవకు అనుమతి లేదు. ఎక్కినవారికి లైఫ్ జాకెట్లు లేవు.

ఆకాశమున గుండు పగిలినంతనే పడవలోనివారందరు ఒకే వైపు లేచి నిలుతురు. పడవ ఒరుగుటకు అంతకంటె కారణము వలదు. అందరు కూర్చుండియే చూడవలెనని బయలుదేరుటకు ముందే చెప్పవలెను. వినని వానిని గట్టుననే దింపవలెను. పెద్దల జాకెట్టు పిల్లలకు తొడిగినచో నీటిలో పైకి జారిపోవును, కొలత చూచి తొడుగవలెను. ఇక పడవ నడుపువాడు బాణసంచాను చూడరాదు. కఠినముగ తోచవచ్చును గాని కారణమున్నది. ప్రకాశవంతమైన వెలుగు చూచిన కంటికి చీకటిలో మరల చక్కగా కనబడుటకు 20, 30 నిమిషములు పట్టును. ప్రదర్శన ముగిసినంతనే పడవలన్నియు ఒక్కసారి రేవునకు పరుగెత్తక, వరుసగా, దీపములు వెలిగించుకొని రావలెను.

మంట లేచినప్పుడు

పడవలో బాణసంచా నిలువ అంటుకొనినచో ఆర్పుటకు యత్నింపక వెంటనే విడిచిపోవలెను. వలయో, గుడ్డయో, ఇంధనమో అంటుకొని మంట చిన్నదిగా ఉన్నచో పని వేరు. ముందుగా అందరును జాకెట్లు ధరింపవలెను. ఇంజను ఆపి ఇంధనము మూయవలెను. మంట గాలివాలు చివర ఉండునట్లు పడవను త్రిప్పినచో పొగ మనుష్యులపైకి రాదు. పొడి అగ్నిమాపక యంత్రమును మంట మొదటిపై, ఊడ్చినట్లు ప్రయోగింపవలెను. పెట్రోలు మంటపై నీరు పోసినచో అది తేలి వ్యాపించును. నీటిలోనికి దూకవలసివచ్చినచో గాలికి ఎదురుగా ఈదుడు. తేలిన నూనె మంట గాలివాలుననే పోవును.

కాలిన శరీరభాగముపై 20 నిమిషములు శుభ్రమైన చల్లని నీరు పోసి, ఉతికిన గుడ్డ కప్పి ఆసుపత్రికి చేర్చవలెను. సిరా, పళ్లపొడి, పసుపు పూయరాదు. 112 కు గాని, అగ్నిమాపక దళము 101 కు గాని, అంబులెన్సు 108 కు గాని ఫోను చేసినవారు చెరువు పేరుతోపాటు ఏ గట్టునకు దారి ఉన్నదో చెప్పవలెను. కట్ట చుట్టు తిరిగి వచ్చుటలోనే విలువైన కాలము పోవును.

బహిరంగముగ బాణసంచా ప్రదర్శించుటకు 2008 నాటి పేలుడు పదార్థముల నియమముల ప్రకారము అధికారుల అనుమతి కావలెను. యాత్రికుల నెక్కించుకొను మరపడవలకు 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము రిజిస్ట్రేషనును, తనిఖీని విధించినది. గ్రామ పంచాయతీ ఈ రెండు కాగితములను చూచిన తరువాతనే రేవును ఇచ్చుట యుక్తము.

ఉత్సవము మరునాటి ఉదయమున పని ఇంకను ఉండును. పేలని గుండ్లు, ఔట్లు నీటి అంచున తేలుచుండును, లేదా తుంగలో చిక్కుకొనియుండును. తడిసినవి కదా యని పిల్లలు వాటిని ఏరి ఎండబెట్టుట కలదు. పిల్లలు లేవకముందే పెద్దలు పోయి, చేతితో తాకక పొడవు కర్ర బుట్టతో ఎత్తి, నీళ్ల తొట్టిలో నానవేసి, కాల్చినవారికే అప్పగింపవలెను. పడవను నీటిలోనికి దింపకముందు అడుగుభాగమును, వలను వెలుగులో పరికించి, రవ్వ పడిన రంధ్రములను కుట్టుకొనవలెను.