మురుగునీటి మడ్డికి చోటు

సికింద్రాబాదునకు ఈశాన్యదిశయందు ఏ.ఎస్. రావు నగర్ అను పేట కలదు. 1967లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనునకు మూలపురుషుడైన అయ్యగారి సాంబశివరావుగారి పేర వెలసిన దిది. 2007లో కాప్రా పురపాలకము మహానగరమున గలిసినది. ఒక కుటుంబము కాపురమున్న స్థలముననే యిపుడు అంతస్తులమీద అంతస్తులు లేచుచున్నవి. ఇట్టి పేటకు నీరు తెచ్చుటను గూర్చి పెద్దలు ముందుగనే యోచింతురు. మురుగును శుద్ధిచేసిన పిమ్మట మిగులు మడ్డిని గూర్చి యోచించువారు మాత్ర మరుదు.

శుద్ధికేంద్రమున సూక్ష్మజీవులు మురుగులోని మలినమును దిని వృద్ధిచెందును. వానిలో అధికమైనవి అడుగునకు దిగి మడ్డి యగును. కావున నీరెంత శుభ్రపడునో మడ్డి యంత పెరుగును. 2021లో హైదరాబాదు నగరమున దినమునకు 165 కోట్ల లీటర్ల మురుగు పుట్టుచుండగా, 25 కేంద్రములు కలిసి 77 కోట్ల లీటర్లను మాత్రమే శుద్ధిచేయగలిగియుండెను. ఆ యేడే 31 క్రొత్త కేంద్రములకు అనుమతి లభించెను. ఉప్పలు నల్లచెరువుకడ 3 కోట్ల లీటర్ల కేంద్రమునకు తోడు 8 కోట్ల 65 లక్షల లీటర్ల కేంద్రము నేర్పఱుపబడెను. మడ్డియు నట్లే హెచ్చవలసినదే కదా!

ఇక లెక్క చేయుదము. లక్షమంది గల పేట యనుకొందము. మనిషికి దినమునకు 135 లీటర్ల నీరు. అందు అయిదింట నాలుగుపాళ్లు మురుగగును. మొత్తము 1 కోటి 8 లక్షల లీటర్లు. నాలుగువేల లీటర్లకు ఒక కిలో చొప్పున ఎండు పదార్థము తేలునని పెట్టుకొన్నచో 2,700 కిలోలు వచ్చును. ఇది స్వల్పముగనే తోచును. కాని తొట్టినుండి వెడలునపుడు మడ్డిలో నూటికి 98 పాళ్లు నీరే; అపుడది 135 టన్నులు తూగును. యంత్రముచే పిండి నీటిని 80 పాళ్లకు దింపినచో 13½ టన్నులే! పదింట తొమ్మిదిపాళ్ల బరువు తొలగినది. పిండు యంత్రము లొకటికి రెండుండవలెననుట యిందుచేతనే. ఒకటి చెడిన దినమున 135 టన్నులను మోయు లారీ లెక్కడివి?

వేసవిలో ఇసుకమళ్లయందు మడ్డి చక్కగా నెండును. జూను మొదలు సెప్టెంబరు వఱకు నెండదు. చేలలోనికి బండ్లును పోజాలవు. ఆ 120 దినములకు 1,620 టన్నులు నిలువచేయుటకు కప్పుగల కొట్టము కావలెను. సంవత్సరపు సగటును జూచి కట్టినవారికి ఆగస్టు నెలలో చోటు చాలదు. జనము రెట్టించినచో 3,240 టన్నులు. ఆ స్థలమును బయలుండగనే గుర్తింపవలెను. చుట్టును ఇండ్లు లేచిన పిదప ఆ కంపునకు ఒప్పుకొను కాపురస్థు లుండరు.

ఎండి క్రిములు నశించిన మడ్డి పొలమునకు మంచి యెరువు. అయితే చర్లపల్లి, మల్లాపురము పారిశ్రామికవాడలు ఈ పేటకు చేరువనే కలవు. కర్మాగారపు నీటితో సీసము, క్రోమియము వంటి లోహములు మురుగులో గలిసినచో నవి యెండకు బోవు, మడ్డిలోనే నిలుచును. కనుక ప్రతి రాశిని పరీక్షించి, లోహములు మితిమీరిన దానిని రైతు బండి కెక్కనీయక వేఱుగ నుంచుటకు మఱియొక కొట్టమునుగూడ లెక్కలో జేర్పవలసియున్నది.