జిగట విరేచనముల విషము - శరీరముపై దాని పని

అంబత్తూరులో 1964లో పారిశ్రామికవాడ వెలసినది. కర్మాగారములు, అంగళ్లు, ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని యుండు ఇట్టి చోట్ల వానకాలమున మురుగు త్రాగునీటిలో కలిసినచో మొదట కనబడు జబ్బులలో జిగట విరేచనములు ఒకటి. కడుపులో మెలిపెట్టు నొప్పి, జ్వరము, చీము నెత్తురు కలిసిన విరేచనము దీని గురుతులు.

జపానులో 1897లో ఈ వ్యాధి 90,000 మందికి పైగా సోకెను. ఆ యేడే కియోషి షిగా అను వైద్యుడు దీనికి మూలమైన సూక్ష్మక్రిమిని కనుగొనెను. ఆయన పేరిటనే అట్టి క్రిములకు షిగెల్లా అని పేరు వచ్చినది. 10 మొదలు 100 క్రిములు కడుపులోనికి పోయినను వ్యాధి సోకుటకు చాలును.

ఈ క్రిములు పెద్దప్రేగు పొరలోనికి చొచ్చి పుండ్లు చేయును. వీనిలో ఒక జాతి అంతటితో నిలువక తీవ్రమైన విషమును పుట్టించును. ఆ జాతి నేడు అరుదైనను, అట్టి విషమునే చేయు ఇ. కోలై రకములును కలవు. ఈ విషమునకు రెండు భాగములు. ఒకటి కణమునకు అంటుకొని త్రోవ తీయును. రెండవది లోపలికి పోయి, కణము మాంసకృత్తులను తయారుచేసికొను పనిని ఆపివేయును. సరకు రాని అంగడి మూతపడినట్లు ఆ కణము నశించును. మూత్రపిండములలోని సన్నని రక్తనాళములు చెడి, వానిలో నెత్తురు గడ్డకట్టును, ఎర్రకణములు చితికిపోవును. దక్షిణదేశపు బిడ్డలలో ఇట్టి ఉపద్రవమును గూర్చి వేలూరు వైద్యులు 1978లో ప్రకటించిరి.

నీటిని బట్టతో వడగట్టి, కాచి త్రాగుట జైన గృహములలో పాత ఆచారము. వడపోతచే నలకలు, పురుగులు తొలగును గాని ఈ క్రిమి బట్టలోనుండి జారిపోవును. దానిని చంపునది కాచుటయే. కాచిన నీటిలో మురికిచేతితో చెంబు ముంచినచో ఆ శ్రమ వ్యర్థము.

బిడ్డకు నెత్తురు విరేచనమైనచో విరేచనమును బంధించు బిళ్లలు ఈయరాదు. క్రిమియు విషమును లోపలనే నిలిచిపోవును. ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చదును టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలిపి, రాత్రియు ఆపక కొద్దికొద్దిగా త్రాగించుచు వైద్యునికి చూపవలెను. విరేచనములు తగ్గినవని నిశ్చింతగా నుండరాదు. ఉపద్రవము అటుపిమ్మటనే పైకి రావచ్చును. మూత్రము తగ్గినను, మొగము పాలిపోయినను, బిడ్డ మత్తుగా నున్నను జాగు చేయక ఆసుపత్రికి చేర్చవలెను.