ఏ ఏటి వీరుడు? ఏ బరిలో?

ముష్టియుద్ధ చరిత్ర చదివే విద్యార్థుల మధ్య తెగని వాదం ఒకటి ఉన్నది. వేర్వేరు కాలాలకు చెందిన ఇద్దరు మహాయోధులను ఒకే బరిలో నిలిపినచో గెలుపు ఎవరిది? ముహమ్మద్ అలీ గొప్పవాడా, 49 పోటీలలో ఒక్కటైనా ఓడని రాకీ మార్సియానో గొప్పవాడా? ఇది కాలక్షేపపు ప్రశ్న అని పెద్దలు కొందరు తోసివేస్తారు. మేము అట్లు భావించము. ప్రశ్న వేసే తీరులోనే లోపమున్నదని మా అభిప్రాయం.

మన నాగల్‌గిద్ద, ఖేడ్ ప్రాంతాల జాతర కుస్తీలు చూసినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడియం కుస్తీతో ముగిసే ఆ పోటీలకు కర్ణాటక, మహారాష్ట్రల నుండి కూడ పహిల్వాన్లు వస్తారు. పెద్దలు ఇద్దరిని పక్కపక్కన నిలిపి, ఒడ్డూ పొడుగూ చూసి, జోడి కుదిరిందన్న తరువాతనే చేతులు కలిపిస్తారు. తరాల మధ్య పోలిక తెచ్చేవారు మొట్టమొదట మరచేది ఈ జోడి కుదుర్చుటనే.

1967లో అమెరికాలో మర్రే వొరోనర్ అనే రేడియో నిర్మాత 16 మంది హెవీవెయిట్ యోధుల వివరాలను కంప్యూటరుకు అందించి, అది తేల్చిన ఫలితాలను నిజమైన పోటీలవలె ప్రసారం చేసినాడు. ఆ లెక్కలో అలీ, 1899 నుండి 1905 వరకు విజేతగా ఉన్న జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడినాడు. జెఫ్రీస్ విజేతగా ఉన్నంతకాలం నల్లజాతి యోధులతో బిరుదు పోరుకు సమ్మతించనివాడు. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు అలీకి అప్పటికే బిరుదూ, లైసెన్సూ పోయినవి. బరిలో దిగి జవాబు చెప్పే దారి లేదు. యంత్రం ఆడిన ఆట అని మనం నవ్వుకొనవచ్చును గాని, అలీకి ఆనాడు మిగిలినది పేరు ఒక్కటే. పది లక్షల డాలర్లకు దావా వేసినాడు.

తుదకు రాజీ కుదిరినది. 1969లో అలీ, మార్సియానోలు కెమెరా ముందు పోరాడినట్లు నటించినారు; ముగింపులు పలువిధాలుగా చిత్రించినారు. 1970 జనవరి 20న అమెరికా థియేటర్లలో చూపిన చిత్రంలో మార్సియానో 13వ రౌండులో గెలిచినాడు. ఐరోపాలో చూపిన ప్రతిలో అలీ గెలిచినాడు! ఏ ఫలితమూ చూడకుండానే 1969 ఆగస్టు 31న మార్సియానో విమాన ప్రమాదంలో మరణించినాడు.

ఆ 13వ రౌండు వద్ద కొంత ఆగవలెను. నేడు ప్రపంచ బిరుదు పోటీలలో అసలు 13వ రౌండే లేదు. 1982లో కొరియా యోధుడు కిమ్ డుక్ కూ 14వ రౌండులో కూలి, కొద్ది దినాలకు మరణించిన తరువాత 15 రౌండ్లను 12కు తగ్గించుట మొదలైనది. మార్సియానో 1952 సెప్టెంబరు 23న జెర్సీ జో వాల్కాట్‌ను కూల్చి బిరుదు గెలిచినదీ 13వ రౌండులోనే. అంతవరకు న్యాయనిర్ణేతల లెక్కలో వెనుకబడియే ఉన్నాడు. నేటి నిబంధన ఆనాడు ఉన్నచో ఆ రాత్రి బిరుదు వాల్కాట్‌దే. ఇక బరువు చూడండి. మార్సియానో సుమారు 84 కిలోలు. నేటి వృత్తి బాక్సింగ్‌లో హెవీవెయిట్ 200 పౌన్లు, అనగా దాదాపు 91 కిలోలు దాటిన తరువాతనే మొదలవుతుంది.

నిబంధనలు కుదిరినా, ఏ ఏటి మనిషి అన్న ప్రశ్న మిగులుతుంది. 1951 అక్టోబరు 26న మార్సియానో జో లూయీని ఎనిమిదవ రౌండులో ఓడించినాడు. లూయీకి అప్పటికి 37 ఏండ్లు. పన్నెండేండ్లు బిరుదు నిలుపుకొన్న లూయీ అతడు కాడు. అలీ సైతం 1974లో ఫోర్‌మన్‌ను ఓర్పుతో గెలిచినాడేగాని, 1966 నాటి కాళ్ల వేగం అప్పటికి లేదు. ఆ 1966 నాటి అలీ ఎదుట 1952 నాటి మార్సియానో, 15 రౌండ్లున్నా నిలువజాలడని మా నిర్ణయం.

వయస్సే అన్నిటినీ తేల్చుతుందని దీనివలన అనుకొనరాదు. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్, ఒలింపిక్ అర్హత పోటీలకు ఎంపిక పరీక్ష జరపవలెనని పట్టుబట్టి సాధించుకొన్నది. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో 23 ఏండ్ల నిఖత్‌ను 37 ఏండ్ల మేరీకోమ్ 9-1తో ఓడించినది. ఆనాటితో వాదం ముగిసినదని అనుకొన్నవారు ఎందరో! 2022 మేలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల తరగతిలో, 2023 మార్చిలో ఢిల్లీలో 50 కిలోల తరగతిలో నిఖత్ ప్రపంచ విజేత అయినది.

మరి 2010 నాటి మేరీకోమ్ ఎదుట 2022 నాటి నిఖత్ నిలిచినచో? ఆ ఏడు మేరీకోమ్ స్వర్ణం గెలిచినది 48 కిలోల తరగతిలో. అక్కడ పెట్టినచో మేము మేరీకోమ్ అంటాము. 52 వద్ద నిఖత్. 50 వద్ద జోడి కుదిర్చినచో మేము ఎటూ చెప్పజాలము.